లంగరు: పట్టువిడుపులు

పట్టువిడుపులు తెలిసినవాడే లోకమున నెగ్గుకొని రాగలడని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట మనుష్యుల వ్యవహారములకే గాక ఒక ఇనుప వస్తువునకు కూడ అక్షరాల వర్తించును. ఆ వస్తువు లంగరు. నీటిమీద నిలకడలేని పడవకు నిలకడ నిచ్చునది అదియే. వేళ తప్పినచో ఆ పడవనే నీట ముంచునదియు అదియే. పట్టి నిలుపు ఉపాయము కొరకు మానవుడు మూడు వేల యేండ్లకు పైగా శ్రమపడెను. విడిచిపెట్టు ఉపాయము నేర్చుకొనుటకును ఆతడు తక్కువ మూల్యము చెల్లింపలేదు.

నేడు కయాక్ అను సన్నని చిన్న పడవలో ఒంటరిగా కూర్చుండి, గాలము వేసి చేపలు పట్టు వేడుక దేశదేశముల వ్యాపించినది. చేపలున్న తావున పడవను కదలకుండ నిలుపవలెనన్న లంగరు వేయవలెను. కాని రెండడుగుల చిల్లర వెడల్పు గల పడవకు లంగరు వేయుట, నూరడుగుల ఓడకు లంగరు వేయుటవంటిది కాదు. ఓడవారు పట్టును గూర్చి చింతింతురు. చిన్న పడవవాడు విడుపును గూర్చి ముందుగా చింతింపవలెను. ఈ భేద మెట్లు ఏర్పడినదో తెలియవలెనన్న లంగరు చరిత్రను ఒకసారి తిరుగవేయుట మంచిది.

లంగరు అను మాట మనకు పారసీక భాషనుండి వచ్చినది. మాట పరాయిదైనను భావము మనకు క్రొత్తది కాదు. ప్రళయకాలమున మనువు ఎక్కిన నావను మహామత్స్యము తన కొమ్మునకు కట్టిన త్రాటితో లాగుకొనిపోయి, హిమవత్పర్వత శిఖరము చెంత నిలిపెనని మహాభారతము చెప్పుచున్నది. ఆ శిఖరమునకు నౌబంధనమని పేరు. నావను చేప లాగుట, పిమ్మట నావను కొండకు కట్టుట, ఈ రెండును ఆ కథలోనే ఉన్నవి. కదలు నీటిమీద బ్రతుకు నిలుపుకొనవలెనన్న కదలని దేనికో ఒకదానికి కట్టుకొనవలెను అను ఊహ ఎంత ప్రాచీనమో దీనివలన తెలియగలదు.

కొండ దగ్గరలేని చోట కొండముక్కనే వెంట తీసికొనిపోయిరి. మొదటి లంగరు రాయి. తుర్కీ దేశపు దక్షిణతీరమున ఉలుబురున్ అను చోట సముద్రగర్భమున ఒక ప్రాచీన నౌక బయటపడినది. 1984 నుండి 1994 వరకు పదియేండ్లు ఈతగాండ్రు అడుగునకు దిగి దానిని శోధించిరి. అది క్రీస్తుకు పూర్వము 14వ శతాబ్ది చివరి భాగమున మునిగిపోయిన నౌక. అందులో రాగిదిమ్మలతోను గాజుముద్దలతోను పాటు 24 రాతిలంగరులు దొరికినవి. ఒక్క నౌకకు ఇరువదినాలుగు లంగరు లేల? రాతిలంగరు తరచు అడుగున చిక్కుకొని పోవుచుండెను, త్రాడు తెగుచుండెను. పోయినదానిని వెదకుకొనుటకు వీలులేదు గనుక మారుటకు మరి కొన్ని ఉంచుకొనుట తప్పనిసరి. లంగరును పోగొట్టుకొనుటకు సిద్ధపడియే ఆ నావికులు బయలుదేరిరన్నమాట. ఈ విషయమును మనము గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు తరువాత పని యున్నది.

మన దేశపు పడమటి తీరమున ద్వారకయందును, బేట్ ద్వారకయందును గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు నీటి అడుగున రాతిలంగరులను పెక్కింటిని కనుగొనిరి. అందు కొన్ని మూడు రంధ్రములు గల త్రికోణపు రాళ్లు. పై రంధ్రము త్రాటికి. క్రింది రెండును కఱ్ఱలు దూర్చుటకు. ఆ కఱ్ఱలు ఇసుకలో గ్రుచ్చుకొని రాయి దొర్లకుండ ఆపును. బరువొక్కటియే చాలదు, నేలను గ్రుచ్చుకొను కొన కూడ కావలెను అని మానవుడు గ్రహించిన తొలిమెట్టు ఇది.

తరువాతి మెట్టు కఱ్ఱ లంగరు, ఇనుప లంగరు. రోమ్ నగరమునకు దగ్గరలో నేమి అను చిన్న సరస్సు కలదు. క్రీస్తుశకము 37 నుండి 41 వరకు పాలించిన కలిగులా చక్రవర్తి ఆ సరస్సున విహారార్థము రెండు మహానౌకలను కట్టించెను. 1928లో ఆరంభించి సరస్సు నీటిని తోడివేసి వానిని వెలికి తీసిరి. వానితో రెండు లంగరులు దొరికినవి. ఒకటి సీసపు అడ్డుకమ్మి గల కఱ్ఱ లంగరు. రెండవది ఇనుపది, దాని అడ్డుకమ్మిని కావలసినపుడు తొలగింపవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్ల నౌకాదళమువారు వాడుకలోనికి తెచ్చిన లంగరునకు అది తాతవలె నున్నదని చూచినవారు ఆశ్చర్యపడిరి. ఆ నౌకలు 1944లో అగ్నికి ఆహుతియై పోయినవి; కాని ఆ లంగరు నేర్పిన పాఠము పోలేదు.

ఆ పాఠమేమి? లంగరు కాడకు ఒక చివర రెండు కొక్కెములును, రెండవ చివర ఆ కొక్కెములకు అడ్డముగా ఒక కమ్మియు ఉండును. లంగరు అడుగున పడగానే అడ్డుకమ్మి నేలపై వెల్లకిల పడియుండును. అందుచేత ఒక కొక్కెము తప్పక క్రిందికి తిరుగును. త్రాడు లాగినకొలది ఆ కొక్కెము మరింత లోతునకు దిగును. అనగా లంగరు తన బరువుతో గాక పడవ లాగు లాగుడుతోనే పట్టు సంపాదించుకొనును. ఎదిరించు బలమునే తనకు బలముగా చేసికొనుట ఇందలి రహస్యము.

మన తెలుగు తీరమునకు వత్తము. శాతవాహన ప్రభువుల నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కనబడును. అంతటి సముద్రవ్యాపారము గల తీరమైనను, సహజమైన రేవులు మనకు తక్కువ. ఓడలు తీరమునకు దూరముగా, ఏ చాటును లేని బయలు సముద్రమున లంగరు వేసి నిలువవలసియుండెను. పీచుత్రాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు కెరటములను దాటుకొనిపోయి సరకును, మనుష్యులను ఒడ్డునకు చేర్చుచుండెను. గాలివాన వచ్చినపుడు లంగరు పట్టు తప్పెనా, ఓడ ఒడ్డునకు కొట్టుకొనివచ్చి ముక్కలగును. అట్లు ఒడ్డున పడిన ఓడలోని సొత్తును పూర్వపు రాజులు బలాత్కారముగా పుచ్చుకొనుచుండిరి. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి ఆ అన్యాయమును మాన్పించెను. నియతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. లంగరు పట్టు తప్పుట నావికుని దోషము కాదు, దైవికమైన ఆపద యని ఒక రాజు గుర్తించిన శాసనమది. ఆంధ్రులు గర్వింపదగినది.

బయలు సముద్రమున లంగరుమీద ఆధారపడు ఈ దురవస్థ శతాబ్దముల తరబడి సాగెను. 1933లో విశాఖపట్టణమున ఓడలు లోపలికి వచ్చి నిలువగల రేవు సిద్ధమై, జలదుర్గ అను ఓడ అందు ప్రవేశించినపుడు మన తీరమున ఒక యుగము మారినది.

లంగరు పట్టు తప్పిన నేమగునో తెలుపు కథలలో బెల్ రాక్ కథ ప్రసిద్ధమైనది. స్కాట్లండు తూర్పుతీరమున ఆర్బ్రోత్ పట్టణమునకు సుమారు పదునొకండు మైళ్ల దూరమున సముద్రములో ఒక బండ కలదు. ఆటు సమయమున మాత్రమే అది పైకి తేలును. పోటు వచ్చినంతనే మునిగిపోవును. దానిపై దీపస్తంభము కట్టుటకు 1807లో రాబర్ట్ స్టీవెన్సన్ అను ఇంజనీరు పూనుకొనెను. నవలాకారుడైన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు ఈయన తాతగారు. సెప్టెంబరు 2వ తేదీన పనివారు బండపై నుండగా, వారిని తీసికొనిపోవలసిన స్మీటన్ అను నౌక కట్టు తెంచుకొని గాలివాలున దూరముగా కొట్టుకొనిపోయెను. బండమీద ముప్పదిరెండుగురు ఉండిరి. వారియొద్ద మిగిలిన పడవలు రెండు. ప్రశాంతమైన వేళలోనైనను ఆ రెంటిలో ఇరువదినలుగురికి మించి పట్టరు. పోటు వచ్చుచున్నది.

పనివారు ఒక్కరును కేకలు వేయలేదు. ఇంజనీరు ముఖము చూచుచు నిలుచుండిరి. ఆయన ఏదో చెప్పబోయెను. నోరెండిపోయి మాట రాలేదు. ప్రక్కనున్న గుంటలోని ఉప్పునీటితో నాలుక తడుపుకొనుటకు వంగెను. ఆ క్షణముననే ‘పడవ! పడవ!’ అను కేక వినవచ్చెను. జేమ్స్ స్పింక్ అను పడవవాడు ఆర్బ్రోత్ నుండి ఉత్తరములు తీసికొని ఆ వేళకు దైవవశమున వచ్చెను. అందరును బ్రతికిరి. 1811 ఫిబ్రవరి 1న ఆ దీపస్తంభమున దీపము వెలిగినది. ఆ నిర్మాణ కాలములో దగ్గర నిలిపియుంచిన దీపనౌకకు స్టీవెన్సన్ పుట్టగొడుగు ఆకారము గల ఇనుప లంగరును వాడెను. ఏ దిక్కునుండి లాగినను ఒకే తీరున పట్టునిచ్చుట దాని గుణము. బురదనేల గల చెరువులలో చిన్న పడవలవారు అదే ఆకారమును నేటికిని వాడుచున్నారు.

ఇంతవరకు పెద్ద ఓడల మాట. చిన్న పడవల లంగరునకు మేలిమలుపు 1933లో వచ్చెను. విశాఖ రేవు తెరువబడిన సంవత్సరమే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ద్రవగతి శాస్త్రమునందు మహాపండితుడైన జాఫ్రీ ఇంగ్రామ్ టేలర్‌కు చిన్న తెరచాప పడవలో విహరించుట మిక్కిలి ప్రీతి. బరువైన పాతకాలపు లంగరును ఎత్తలేక ఎత్తి దింపుటలోని బాధ ఆయన స్వయముగా ఎరుగును. మనకు భూమిని దున్నుటకు నాగలియున్నట్లే సముద్రపు అడుగును దున్నుకొని దిగు లంగరు ఏల ఉండరాదని ఆయన ఆలోచించెను. కాడయు కఱ్ఱును కీలుతో కలిపి నాగలిలంగరును నిర్మించెను. పడవ అటునిటు ఊగినను కీలు తిరుగును గాని కఱ్ఱు నేలనుండి ఊడిరాదు. దానికి సి.క్యు.ఆర్. అని పేరు, గబగబ పలికినచో ఆంగ్లమున ‘భద్రము’ అను మాట వినబడును. తక్కువ బరువుతో ఎక్కువ పట్టు! మరి కొంతకాలమునకు అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫర్త్ పలుచని రెండు రెక్కల లంగరును కనిపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులను ఒడ్డున దింపు పడవలు దానిని వెనుకవైపున జారవిడిచి, పని ముగిసిన పిమ్మట దాని త్రాటిని చుట్టుకొనుచు ఇసుకనుండి వెనుకకు మరలెడివి.

ఏ లంగరునకైనను ఒక నియమము తప్పదు. లాగుడు నేలకు సమాంతరముగా ఉన్నంతసేపే పట్టు. నిలువుగా లాగినచో ఊడును. అందుచేతనే త్రాడు పొడవుగా వదలవలెను. నీటి లోతునకు మూడురెట్లు త్రాడు వదలినచో అది నేలతో సుమారు ఇరువది డిగ్రీల కోణము చేయును. అయిదురెట్లైన సుమారు పండ్రెండు, ఏడురెట్లైన సుమారు ఎనిమిది డిగ్రీలు. కావున ఇరువది అడుగుల లోతున నూరడుగుల త్రాడు కావలెను; గాలి యున్నచో నూటనలువది యడుగులు. లంగరునకును త్రాటికిని నడుమ ఒక గజమెడు గొలుసు కట్టినచో దాని బరువు కాడను నేలబారున ఉంచును. రాళ్లకు ఒరసి త్రాడు తెగకుండ కాపాడును.

ఇప్పుడు కయాక్ సంగతికి వత్తము. ఈ పడవ ఉత్తరధ్రువ ప్రాంతమున ఇన్యుయిట్ జాతివారిది. చెట్లు మొలవని ఆ సీమలో కొట్టుకొనివచ్చిన కఱ్ఱతోను, ఎముకలతోను చట్రము కట్టి, సీలు చర్మమును బిగించి వారు ఈ పడవను చేసికొనిరి. దానిలో కూర్చుండి తమకన్న బరువైన సముద్రజంతువులను ఈటెతో వేటాడుచుండిరి. ఇచ్చట వారి బుద్ధికి నమస్కరింపవలెను. ఈటెకు కట్టిన పొడవాటి త్రాటి రెండవ చివరను వారు పడవకు కట్టలేదు. గాలి ఊది బిగించిన సీలుతోలు తిత్తికి కట్టిరి. ఆ తిత్తిని తమ వెనుక పడవమీద ఉంచుకొని, ఈటె తగిలినంతనే దానిని నీటిలోనికి త్రోసివేయుచుండిరి. జంతువు ఎంత బలముగా మునిగినను లాగునది తిత్తిని, పడవను కాదు. అలసిన జంతువు ఎచ్చట నున్నదో తేలుచున్న తిత్తియే చూపును. తనకన్న బలమైనదానితో చిన్న పడవను ముడివేయరాదు. వేసిన ముడిని క్షణములో వదలగలిగి యుండవలెను. కయాక్‌ను కనిపెట్టినవారు దానితోపాటు ఈ ధర్మమును కూడ లోకమునకు ఇచ్చిరి. పడవను పుచ్చుకొన్న ఇతరులు ధర్మమును మాత్రము చాలకాలము మరచిరి.

నేటి చేపలవేట కయాక్ ప్లాస్టిక్‌తో పోతపోసినది. లోపల కూర్చుండునది కాక పైన కూర్చుండునది ఎక్కువ వాడుకలో నున్నది. పైకి వచ్చిన నీరు రంధ్రముల గుండ క్రిందికి పోవును. మన తీరపు తెప్పకును దీనికిని చుట్టరికమున్నది. దుంగలను కలిపి కట్టిన తెప్పలో నీరు నిలువదు. అల మీదపడి దాటిపోవును. అయితే తెప్ప వెడల్పైనది; కయాక్ సన్ననిది. అది సులభముగా ఒరుగును. కావున లంగరు త్రాటిని ఎచ్చట కట్టుదుమన్న ప్రశ్న ప్రాణములతో కూడినది.

కూర్చున్నవాని చేతికి అందునది పడవ నడుము. తెలియనివాడు త్రాటిని అచ్చటనే కట్టును. అపుడు పడవ ప్రవాహమునకు అడ్డము తిరుగును. పదిపండ్రెండడుగుల ప్రక్కభాగమంతయు నీటి తాకిడికి గురియగును. త్రాడు ఆ అంచునే క్రిందికి లాగుచుండును. నీరు ఆ అంచుపైకే ఎక్కుచుండును. రెండు బలములును ఒకే వైపునకు పనిచేయగా పడవ తలక్రిందులగుటకు రెప్పపాటు చాలును. నీటివడి రెట్టింపైనచో తాకిడి నాలుగురెట్లగును. ప్రశాంతముగా ఉన్న ఏటిపాయలో ఉదయము ముచ్చటగా నిలిచిన పడవ, మధ్యాహ్నము ఆటు నీరు లాగునపుడు అదే ముడితో మృత్యుముఖమున ఉండవచ్చును. లంగరు మారలేదు, పడవ మారలేదు, మారినది నీరు.

ఈ చిక్కునకు అనుభవజ్ఞులు కనిపెట్టిన ఉపాయము సులభమైనది. పడవ ప్రక్కన ముందుకొనకు ఒక గిలక, వెనుకకొనకు ఒక గిలక అమర్చి, వాని మీదుగా ఒక సన్నని త్రాటిని మాలవలె త్రిప్పుదురు. మన యిండ్లలో జెండా ఎగురవేయు త్రాటివంటిది; కాని అడ్డముగా ఉండును. ఆ మాలకు ఒక కడియము కట్టియుండును. లంగరు త్రాటిని ఆ కడియములో దూర్చి, కూర్చున్న చోటనుండియే మాలను లాగి కడియమును ఏదో ఒక కొనకు పంపుదురు. అపుడు సన్నని కొన నీటికి ఎదురు తిరుగును. అలలున్నపుడు ముందుకొనయే మేలు. అలమీదికి లేచుటకే అది చేయబడినది. కడియము కొనకు చేరిన పిమ్మటనే త్రాటికి బరువు పడనీయవలెను. లంగరును విసరరాదు, మెల్లగా దింపవలెను. నేల తగిలిన తరువాత పడవ వెనుకకు జరుగుచుండగా త్రాడు వదలవలెను.

ఇది పట్టు. ఇక విడుపు. త్రాటి ఈవలి చివరను కూర్చున్న చోట ఒక కొక్కికి చుట్టవలెను గాని గట్టి ముడి వేయరాదు. చివర ఎట్టి ముడియు ఉండరాదు. కడియము గుండ అది అడ్డులేక జారిపోవలెను. కడియమునకు ఆవల, నీటివైపున, ఒక బెండును త్రాటికి కట్టియుంచవలెను. పెద్ద పడవ మీదికి వచ్చుచున్నను, కొట్టుకొనివచ్చిన మాను త్రాటికి తగులుకొన్నను, పెద్ద చేప గాలమునకు పడి త్రాటిచుట్టు తిరుగుచున్నను, కొక్కినుండి త్రాటిని ఊడదీసిన చాలును. లంగరును, త్రాడును, బెండును అచ్చటనే ఉండును. పడవ స్వేచ్ఛగా పోవును. ఆపద తీరిన పిమ్మట బెండును వెదకి వచ్చి అన్నింటిని తీసికొనవచ్చును. ఇన్యుయిట్ వేటకాని సీలుతోలు తిత్తి ఇచ్చట మరల పుట్టినదని వేరుగ చెప్పనక్కరలేదు.

రాతినేలకు మరియొక పాత ఉపాయము కలదు. గొలుసును లంగరు తలకు గాక అడుగుకొనకు గట్టిగా కట్టి, కాడ వెంబడి పైకి తెచ్చి, తలవద్ద ఒక బలహీనమైన దారముతో మాత్రము బంధింతురు. మామూలు లాగుడునకు దారము ఆగును. లంగరు రాళ్లలో ఇరుకుకొన్నపుడు నిలువుగా గట్టిగా లాగినచో దారము తెగి, లంగరు వెనుకకు తిరిగి తేలికగా ఊడివచ్చును. తెగవలసినచోట తెగుటకై ఒక బలహీనతను బుద్ధిపూర్వకముగా ఉంచుట! ఇంజనీరులు నేటి యంత్రములలో పాటించు సూత్రమును నావికులు ఎన్నడో దారముముక్కతో సాధించిరి.

ఇన్ని ఉపాయము లున్నను, లంగరు వేయరాని వేళ యున్నది. వడిగా పారు ఏటిలో కయాక్‌కు లంగరు వేయరాదు. కొనను కట్టినను త్రాడు దానిని క్రిందికి లాగును. గాలి యొకవైపునకును నీరు వేరొకవైపునకును పోవునపుడు వేయరాదు. ఓడలు నడచు దారిలో వేయరాదు. లైఫ్ జాకెట్ తొడుగుకొనక, చేతికందు కత్తి లేక వేయనే రాదు. ఆకాశవాణి మత్స్యకారులకు హెచ్చరిక ప్రసారము చేసిన దినమున ఒడ్డును మించిన లంగరు లేదు. ఆ హెచ్చరిక వినబడినపుడు మన యిండ్లలో కొందరు రేడియో మీట త్రిప్పి పాటలు వెదకుకొందురు. తీరగ్రామముల గుడిసెలలో మాత్రము ఆ రెండు మాటల కొరకే చెవియొగ్గి యుందురు.

మేము ఒకప్పుడు భీమునిపట్నము ఒడ్డున సాయంవేళ తిరుగుచు, త్రాడు చుట్టుకొనుచున్న ఒక ముదుసలి జాలరిని లంగరును గూర్చి ప్రశ్నించితిమి. గట్టి లంగరు ఏదని మా ప్రశ్న. ఆయన నవ్వి మొలలోని చిన్న కత్తిని తీసి చూపెను. ‘‘లంగరు ఏదైనా ఒకటే బాబూ! ఏసే ముందు దీన్ని తడిమి చూసుకోవాల. లంగరు పోతే మళ్లీ కొనుక్కుంటాం’’ అనెను. తక్కిన మాట ఆయన చెప్పలేదు, చెప్పనక్కరలేదు. ఉలుబురున్ నావికుడు ఇరువదినాలుగు రాళ్లు వెంట తీసికొనిపోవుటలో నున్న అర్థమును, ధ్రువప్రాంతపు వేటకాని తోలుతిత్తిలో నున్న అర్థమును ఆయన చేతిలోని కత్తిలో మాకు కనబడెను.

నీటిపై వేడుకకు పోవు యువకులు మన యిండ్లలోను నేడు ఉన్నారు. దేశాంతరములలో నున్న మన పిల్లలు సెలవుదినములలో కయాక్ ఎక్కుచున్నారు. మంచి లంగరు కొంటివా అని మనము వారిని అడుగుట సహజము. దానితోపాటు, వదలుట నేర్చుకొంటివా అని కూడ అడుగుదము. ఒడ్డునకు దగ్గరగా, మొలలోతు నీటిలో, లంగరు వేయుటను ఒకసారి, వదలివేయుటను పదిసార్లు అభ్యసించిన తరువాతనే లోతునకు పొమ్మని చెప్పుదము. పోయిన లంగరు వెల కొద్ది రూపాయలు. తిరిగివచ్చిన పిల్లవాని వెల ఆ యింటి తల్లిని అడిగినచో తెలియును.